రాయి తీసేదెవరు?

లాజరు సమాధి దగ్గర ప్రభువైన యేసు రెండు పనులు మనుషులకే వదిలిపెట్టాడని యోహాను సువార్త 11వ అధ్యాయంలో చూస్తాం. ఒకటి రాయి తీయడం, రెండోది కట్లు విప్పడం. మృతుణ్ణి బ్రతికించగలిగినవాడికి రాయి ఒక లెక్కా? అయినా పక్కనున్న వారి చేతులే కావాలన్నాడు. నాలుగు రోజులైంది, దుర్వాసన వస్తుందేమోనని మార్త మాత్రం జంకింది.

రామంతాపూర్, ఉప్పల్, నాచారం సంఘాల్లో ఉన్న మనల్ని ఆ జంకు విడిచిందా? కొడుకు గంజాయికి అలవాటుపడ్డాడని తెలిసిన తల్లి ఆ మాట సంఘంలో చెప్పుకోగలదా? ఒంట్లో బాగోలేదని చెప్పి ప్రార్థన చేయించుకుని వెళ్లిపోతుంది. మన నోళ్లకు భయపడే ఆమె రాయి తీయడం లేదు.

ఇది ఒక్క ఇంటి బాధ కాదు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ జరిపి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, గంజాయి, భంగు వంటి వాటి సమస్యలకు సహాయం అవసరమైనవారు దేశంలో సుమారు 72 లక్షల మంది.

గంజాయి మానిన తొలి రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం మామూలే. అది దయ్యం పని అనుకుని కుర్రవాణ్ణి కొట్టకండి, కట్టేయకండి. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఈ వ్యసనానికి ప్రధాన చికిత్స కౌన్సెలింగే. లేని మాటలు వినిపిస్తున్నా, అందరినీ అనుమానిస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఇలాంటి వైద్యం ఉంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎర్రగడ్డ స్టేషన్‌లో దిగవచ్చు. సలహా కోసం 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పోలీసు కేసవుతుందన్న భయమూ చాలామందిని ఆపుతోంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. సొంతంగా వాడినందుకో, స్వల్ప పరిమాణంలో దొరికినందుకో కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పొందితే, ఆ కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

ప్రార్థన మానమని మనం అనడం లేదు. ప్రార్థించిన వారే ఆసుపత్రికి తోడు వెళ్లాలని అంటున్నాం. కాపరి చెవిన పడిన మాట ప్రార్థన మనవుల చీటీలోకి ఎక్కకూడదు. నెల తిరక్కుండానే సాక్ష్యం చెప్పమని ఆ అబ్బాయిని నిలబెట్టకూడదు. మళ్లీ పడిపోయాడని తెలిస్తే సణగక, మళ్లీ వెంట వెళ్లాలి.

లాజరు కాళ్లూ చేతులూ కట్టి ఉండగానే బయటికి వచ్చాడు. ఆ కట్లు విప్పడానికి ఎంతసేపు పట్టిందో వాక్యం చెప్పలేదు. దగ్గరున్నవారే విప్పాలని మాత్రం ప్రభువు చెప్పాడు.