పేరు లేని చావులు

"జరమొచ్చి పోయిండు." ఊర్లో కూలి మనిషి చనిపోతే చెప్పే కారణం తరచూ ఇదొక్కటే. ఏ జ్వరం, ఎందుకొచ్చింది, మందు ఎందుకు పనిచేయలేదని అడిగేవాళ్లుండరు. సర్కారు లెక్కల్లో అది ఏ గడిలోనూ పడదు. ఇట్లా పేరు లేకుండా ముగిసిపోతున్న చావుల వెనుక ఉన్న జబ్బుల్లో ఒకటి మెలియాయిడోసిస్. 2025లో గుంటూరు పక్కన తురకపాలెంలో మనుషులు ఒకరి వెంట ఒకరు చనిపోయినప్పుడు అనుమానాల్లో ఈ పేరు వినబడింది. అప్పటిదాకా ఈ మాట విన్న తెలుగువాళ్లు ఎందరు? అక్కడి చావులన్నింటికీ ఇదే కారణమని తీర్పు చెప్పడం మా పని కాదు. ఊరు ఊరంతా శవాలు మోసిన తర్వాత గానీ రక్తపరీక్షలు ఎందుకు మొదలుకాలేదన్నదే మా ప్రశ్న.

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. 1911లో రంగూన్‌లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అనే బ్రిటిష్ డాక్టరు, ఆయనతో పనిచేసిన సి.ఎస్. కృష్ణస్వామి శవపరీక్షల్లో దీన్ని గుర్తించారు. ఆ చనిపోయినవాళ్లు దిక్కులేని పేదలు, మార్ఫిన్‌కు అలవాటుపడినవాళ్లు. 1912లో ఇద్దరి పేర్లతోనే ఆ విషయం అచ్చయింది. కానీ జబ్బుకు మాత్రం విట్‌మోర్ పేరే దక్కింది. కృష్ణస్వామి మరుగున పడ్డాడు. రోగి పేదవాడు, కనిపెట్టినవాడు నల్లవాడు అయితే చరిత్ర ఎట్లా రాస్తారో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

బర్ఖోల్డేరియా సూడోమాలై అనే ఈ క్రిమి మట్టిలో, నిలిచిన నీళ్లలో బతుకుతుంది. వానలు పడితే పైకి తేలుతుంది. చెప్పుల్లేని కాళ్లతో బురదలో దిగి నాట్లు వేసేవాళ్లకు, కాలి పగుళ్ల నుంచి, చేతి గాయాల నుంచి ఒంట్లోకి దూరుతుంది. శుద్ధి చేయని నీళ్లు తాగితే కడుపులోకి, గాలివానలో ఊపిరితో పాటు ఛాతీలోకి పోతుంది. మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదు. షుగరు ఉన్నవాళ్లకు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు, మద్యం ఎక్కువ తాగేవాళ్లకు ప్రమాదం ఎక్కువ. షుగరు పట్నపోళ్ల జబ్బు అన్న రోజులు పోయాయి. ఇవాళ పొలం పనికి పోయే ఆడవాళ్లలో, మగవాళ్లలో ఎందరికి షుగరు ఉందో ప్రతి ఊరికీ తెలుసు. బురద, షుగరు కలిసిన చోటే ఈ క్రిమికి దారి దొరుకుతుంది.

దీని మొండితనం వేరే రకం. మనం మందుబిళ్లలు అడ్డగోలుగా మింగినందుకు వచ్చింది కాదది. మట్టిలో ఇతర సూక్ష్మజీవులతో పోరాడి బతకడం నేర్చిన క్రిమికి పుట్టుకతోనే వచ్చిన కవచం. లోపలికి పోయిన మందును బయటికి తోసేస్తుంది, కొన్నింటిని విరిచి పారేస్తుంది. పెన్సిలిన్, ఆంపిసిలిన్ పనిచేయవు. ఊర్లల్లో సూదిమందుగా వేసే జెంటామైసిన్‌కు సాధారణంగా లొంగదు. లొంగేది సెఫ్టాజిడిమ్‌కు, మెరోపెనమ్‌కు. అవి కనీసం పది, పద్నాలుగు రోజులు నరానికి ఎక్కించాలి. ఆ తర్వాత కనీసం 3 నెలలు కోట్రైమోక్సజోల్ బిళ్లలు మింగాలి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే జబ్బు మళ్లీ లేస్తుంది. కూలికి పోతే తప్ప పొయ్యి రాజని ఇంట్లో అన్ని రోజులు దవాఖాన మంచం మీద పడి ఉండటం ఎవరికి సాధ్యం?

జబ్బును గుర్తుపట్టడం అంతకంటే కష్టం. ఒకరికి న్యుమోనియా లాగ, ఒకరికి కాలేయంలో చీముగడ్డ లాగ, ఇంకొకరికి కీళ్లవాపు లాగ వస్తుంది. ఎక్స్‌రే చూసి టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగించిన సందర్భాలు ఎన్నో. కల్చర్ చేస్తే తప్ప తేలదు. కల్చర్‌లో క్రిమి పెరిగినా మామూలు సూడోమోనాస్ అనో, ఎక్కడో కలిసిన మురికి అనో ల్యాబులు పక్కన పెడుతున్నాయి. జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగకుండా అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు లొంగే క్రిమి కనబడితే అనుమానించాలన్న సంగతి నిపుణులకు తెలుసు. దీనికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. తెలిసిన మనిషి ఒకరు ఉంటే చాలు. ఆ ఒక్కరినే జిల్లా దవాఖానలకు ఇవ్వడం లేదు.

ప్రపంచంలో ఏటా 1,65,000 మందికి ఈ జబ్బు వస్తోందని, 89,000 మంది చనిపోతున్నారని 2016లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. ఆ భారంలో 44 శాతం దక్షిణాసియాదే. అంటే మనదే. అయినా 2023 డిసెంబరులో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నోమాను చేర్చినప్పుడు కూడా దీనికి చోటు దొరకలేదు. నిర్లక్ష్యపు జబ్బుల జాబితాలో సైతం నిర్లక్ష్యమేనన్నమాట!

థాయిలాండ్ సంగతి చూడండి. 2012 నుంచి 2015 దాకా అక్కడి 60 ఆసుపత్రుల్లో కల్చర్‌తో రుజువైన రోగులు 7,126 మంది. నెల తిరగకముందే చనిపోయినవాళ్లు 2,805 మంది. సర్కారు రిజిస్టరుకెక్కిన చావులు 126! లెక్కకు రాని చావుకు బడ్జెట్ రాదు, మందు రాదు, డాక్టరూ రాడు. అదే క్రిమి ఆస్ట్రేలియాలోని డార్విన్ ప్రాంతంలోనూ ఉంది. అక్కడ 1989 తర్వాతి తొలి ఐదేళ్లలో నూటికి 31 మంది చనిపోగా, 2019తో ముగిసిన ఐదేళ్లలో 6కు తగ్గింది. క్రిమి మారలేదు. త్వరగా గుర్తుపట్టే ల్యాబు, ఐసీయూ, అందుబాటులో మందు వచ్చాయి. చంపుతున్నది మట్టి ఒక్కటే కాదని ఇంతకంటే రుజువు ఏం కావాలి?

2021లో అమెరికాలో నాలుగు రాష్ట్రాల్లో నలుగురికి ఈ జబ్బు వచ్చింది. ఇద్దరు చనిపోయారు. జన్యుపరీక్షలు చేసి, మన దేశంలో తయారైన గది సువాసన స్ప్రే సీసాలో క్రిమి ఉందని పట్టుకున్నారు. 3,900 సీసాలు వెనక్కి తెప్పించారు. మంచిదే, ప్రాణం ఎవరిదైనా ప్రాణమే. నలుగురి కోసం సీసా దాకా వెళ్లగలిగిన శాస్త్రం మన రైతుకూలీ కోసం మండల కేంద్రం దాకా రాలేదా?

మేం అడుగుతున్నవి గొంతెమ్మ కోర్కెలు కావు. ప్రతి జిల్లా దవాఖానలో రక్తం కల్చర్ చేసే ల్యాబు నడవాలి. షుగరు ఉన్న మనిషికి వానాకాలంలో జ్వరం వచ్చి తగ్గకపోతే ఈ జబ్బును కూడా అనుమానించేటట్లు డాక్టర్లకు, ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇవ్వాలి. సెఫ్టాజిడిమ్, మెరోపెనమ్ సర్కారు స్టాకులో ఉండాలి. మూడు నెలల బిళ్లలు టీబీ మందుల లాగే ఇంటికి చేర్చాలి. ప్రతి కేసూ, ప్రతి చావూ నమోదు కావాలి. నాట్లకు పోయేవాళ్లకు మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, గ్లౌజులు ఉచితంగా అందాలి. టీకా ఇంకా రాలేదు కాబట్టి గాయాన్ని కప్పుకోవడం, నీళ్లు కాచి తాగడం మనం చేయగలిగిన జాగ్రత్తలు. కానీ జాగ్రత్తలు చెప్పి చేతులు దులుపుకునే హక్కు పాలకులకు లేదు.

దేశానికి అన్నం పెట్టే మట్టిని వదిలిపెట్టి రైతు ఎక్కడికీ పోలేడు. ఆ మట్టిలో దిగే కాళ్లను కాపాడటం దయ కాదు, బాధ్యత. ఇకనుంచి ఊర్లో ఎవరైనా జ్వరంతో పోతే, ఏ జ్వరమని నిలదీసి అడుగుదాం.