వాగ్దానాలు మనకు, గద్దింపులు వాళ్లకు

పాత నిబంధనను మనం కాదనలేదు. అలా కాదన్న మార్కియోనును రోమా సంఘం 144లోనే వెలివేసింది. మనం అంతకంటే తెలివిగా పని కానిచ్చాం. 39 పుస్తకాలనూ బైబిల్లోనే ఉంచి, వాగ్దానాలు మన పేరున రాయించుకుని, గద్దింపులన్నీ ఇశ్రాయేలీయుల ఖాతాలో వేశాం. లోబడనొల్లని ప్రజలంటే యూదులేనని ప్రసంగించాం, విన్నాం, ఆమెన్ అన్నాం.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డులే చూడండి. యిర్మీయా 29లో 11వ వచనం కనబడని ఏడాది అరుదు. అది బబులోనుకు చెరపోయినవాళ్లకు ప్రవక్త యెరూషలేము నుంచి రాసిన ఉత్తరంలోని మాట. పై వచనంలోనే 70 ఏళ్ల గడువుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ సొంత ఊరి మొహం చూడరు. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అంటాడు ప్రవక్త. ఇదేదీ మన కార్డు మీదికి ఎక్కలేదు. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా చక్కబడుతుందని మందిరంలో చాటాడు. యిర్మీయా అతణ్ణి అబద్ధికుడన్నాడు. ఇవాళ ఆ ఇద్దరూ మన ఊరొస్తే ఉజ్జీవ సభల ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో వేయిస్తాం? హనన్యాదే. సందేహం లేదు.

కానుకల వేళ మనకు మలాకీ 3:10 నోటికొచ్చు. అదే అధ్యాయం 5వ వచనంలో కూలివాడి కూలి విషయంలో అన్యాయం చేసేవాళ్ల మీద, విధవరాళ్లనూ తండ్రిలేనివాళ్లనూ బాధపెట్టేవాళ్ల మీద దేవుడే సాక్షిగా నిలబడతానంటాడు. అక్కడ మనకు నోరు రాదు. ద్వితీయోపదేశకాండము 14 ప్రకారం మూడో ఏటి దశమభాగం ఊళ్లోనే ఉంచాలి. లేవీయులతోపాటు పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాళ్లు తృప్తిగా తినాలి. మన సంఘాల లెక్కల్లో సౌండ్ సిస్టమ్‌కు పద్దుంది. ఆ మూడో ఏటి పద్దు ఎక్కడ?

పరిగె సంగతి తెలియని జనమా మనం? 1876-78 కరువు తర్వాత ఒంగోలు ప్రాంతంలో వేలమంది మాదిగలు బాప్తిస్మం పొందారు. కోసిన చేలో పరిగె ఏరి పిల్లల కడుపు నింపిన తల్లుల మనవలు మన మందిరాల్లో ఎంతమందో. పొలం అంచున పైరును పేదవాడికీ పరదేశికీ వదలమన్న లేవీయకాండము 19 మనకు అర్థమైనట్టు ఇంకెవరికి అర్థం కావాలి? అక్కడ అది యజమాని దయ కాదు, ఆజ్ఞ. మనమేమో రూతును మంచి కోడలిగా మాత్రమే చూశాం. ఆమె మోయాబీయురాలనీ, పరాయి జాతి మనిషనీ, ఆ ఆజ్ఞ పుణ్యాన బతికిందనీ మరిచాం. మాల సంఘం, మాదిగ సంఘం అని విడివిడిగా కూర్చుని, పెళ్లి ప్రకటనల్లో కులం అచ్చేయించుకున్నాం. ఆమెను తన చేలో పరిగె ఏరుకోనిచ్చిన బోయజు గురించి ప్రసంగించే అర్హత మనకెక్కడిది?

దుఃఖాన్ని కూడా సరిగా మోయలేదు. కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది. మనం మాత్రం కడుపుకోతతో వచ్చిన తల్లిని ఏడవనివ్వకుండా స్తుతించమని తొందరపెట్టాం.

మనం వేలెత్తి చూపిన యూదులు ఇప్పటికీ ఏటా ఆబ్ నెల 9న ఉపవాసముండి విలాపవాక్యములు చదువుకుంటారు. తమ పతనాన్ని, అందులో తమ తప్పును తమ గ్రంథంలోనే దాచకుండా రాసుకున్న జనం వాళ్లు. దానియేలు 9లో తన జనం పాపాలను ఒప్పుకుంటూ ప్రార్థన చేసింది నిందలేని మనిషి. అయినా పాపం చేసినవాళ్లలో తననూ కలుపుకున్నాడు.

ఈ ఆదివారం కానుకలు పట్టేముందు మలాకీ 3ను 5వ వచనం నుంచి చదవమని అడగండి. వచ్చే కొత్త సంవత్సరం కార్డు మీద యిర్మీయా 29లో 11వ వచనంతోపాటు 7, 10 కూడా అచ్చు వేయించమని మీ పాస్టరుగారికి చెప్పండి.