తీపి తాగేదెవరు? చేదు మింగేదెవరు?

మద్యం గురించి మాట్లాడినంతగా మన సంఘాలు మరే పానీయం గురించీ మాట్లాడవు. మాట్లాడాల్సిందే. కానీ యౌవనుల కూడికలో ఆ ప్రసంగం ముగియగానే బల్ల మీదికి వచ్చేవేమిటి? రంగు రంగుల కూల్‌డ్రింక్ సీసాలు. క్రిస్మస్‌కి అవే, పెళ్లికి అవే. పాస్టరుగారు ఇంటికొస్తే పిల్లవాణ్ణి కొట్టుకు పరుగెత్తించి తెప్పించేదీ అదే. దీన్నెవరూ పాపమనరు. మేమూ అనడం లేదు. ఇది న్యాయానికి సంబంధించిన విషయం అంటున్నాం.

ముందు లెక్క చూద్దాం. 185 దేశాల్లోని పెద్దవాళ్లు ఎంత తీపి పానీయం తాగుతున్నారో అంచనా వేసిన పరిశోధన ఒకటి 2023లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో వచ్చింది. 2018 నాటికి ప్రపంచ సగటు వారానికి 2.7 గ్లాసులు. గ్లాసంటే సుమారు 240 మిల్లీలీటర్లు. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాల్లో అది 7.8. మన దక్షిణాసియాలో 0.7 మాత్రమే. స్త్రీల కన్నా పురుషులు, పెద్ద వయసువారి కన్నా యువత, పల్లెల కన్నా పట్టణాలవారు ఎక్కువగా తాగుతున్నారని కూడా అందులో తేలింది.

0.7 అన్న అంకె చూసి మనకేం భయం లేదనుకునేవారు ఉన్నారు. అదే అంకెను వ్యాపారి ఎలా చదువుతాడో ఆలోచించండి. ఇంకా నిండని మార్కెట్టుగా చదువుతాడు. కోలారు గనుల వాడల నుంచి బరంపురం దాకా, హోసూరు నుంచి సోలాపూరు దాకా, ప్రతి బడ్డీ కొట్టులో పది రూపాయల సీసా కనిపించేది అందుకే. ప్రకటనలో కొండ మీంచి దూకేది, బైకు ఎగిరించేది మగ హీరోనే. సీసా పట్టుకుంటే మగతనం వచ్చేస్తుందన్నట్టు చూపిస్తారు. జేబులో నాలుగు డబ్బులు పెట్టుకుని కొట్టు ముందు నిలబడే స్వేచ్ఛను కూడా మన సమాజం ముందు మగపిల్లవాడికే ఇచ్చింది. కాబట్టి యువకులు ఎక్కువ తాగడం వయసు లక్షణమని కొట్టిపారేయకండి. ఆ అలవాటును డబ్బు ఖర్చుపెట్టి తయారుచేశారు.

పది రూపాయల సీసాలో ఏముంది? మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 10 గ్రాముల పంచదార ఉంటుంది. 200 మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాములు, అంటే అయిదు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం, ఇలా కలిపే చక్కెరలు రోజుకు సుమారు 25 గ్రాములు దాటకపోతే మేలు. ఒక్క చిన్న సీసాతో ఆ రోజు వాటా దాదాపు అయిపోయినట్టే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని లెక్కగట్టింది. యానాం ఏ పాలన కింద ఉందో ఆ పుదుచ్చేరిలో అది 26.3 శాతం. నలుగురు పెద్దల్లో ఒకరికి పైనే! దీనికంతటికీ సీసా ఒక్కటే కారణమని మేము అనం. తెల్లన్నం ఉంది, కదలకుండా చేసే పని ఉంది. అయితే అంటుకున్న ఇంట్లో కిరోసిన్ ఎందుకు పోయాలి?

ఇక ఆ పంచదార ఎక్కడి నుంచి వస్తోంది? దేశంలో అమ్ముడయ్యే పంచదారలో సగానికి పైగా ఇళ్లకు పోదు, పానీయాలు, మిఠాయిల వంటివి తయారుచేసేవారికి పోతుంది. పంచదార ఎక్కువగా పండే రాష్ట్రాల్లో మహారాష్ట్ర ఒకటి. ఏటా బీడ్ జిల్లా నుంచి దళిత, బంజారా, వంజారీ కుటుంబాలు ముకద్దం దగ్గర అడ్వాన్సు తీసుకుని కొల్హాపూర్, సాంగ్లీ వైపు, కర్ణాటక వైపు చెరకు కోతకు వెళ్తాయి. భార్యాభర్తలిద్దరినీ కలిపి ఒకే కొడవలిగా లెక్కిస్తారు. ఒక రోజు పని మానితే జరిమానా. మరుగుదొడ్డి లేదు, నెలసరికి సెలవు లేదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2019లో వేసిన కమిటీ బీడ్‌లో చెరకు కోసే 82,309 మంది స్త్రీలను విచారిస్తే, 13,861 మందికి గర్భసంచి తీసేశారని తేలింది. ఆరుగురిలో ఒకరికి! దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల స్త్రీలలో అది సుమారు 3 శాతమే.

తాగేవారిలో ఎక్కువమంది పురుషులు. ఆ తీపికి గర్భసంచితో వెల కట్టేది స్త్రీ. కోతవారి కూలి గురించి యాకోబు పత్రిక అయిదో అధ్యాయం మీద ప్రసంగించే మనం పాత కాలపు పొలాల దగ్గరే ఆగిపోతే ఎలా? ఆ పొలాలు మన పక్కనే ఉన్నాయి.

“టీలో పంచదార లేదా?” అంటారు. ఉంది. కానీ ఆ చెంచా మన చేతిలో ఉంది, రేపటి నుంచి తగ్గించుకోవచ్చు. సీసాలో చెంచా కంపెనీ చేతిలో ఉంటుంది. “పేదవాడి చిన్న సంతోషాన్ని కూడా లాక్కుంటారా?” అంటారు. ఎండలో పనిచేసే మనిషికి శుభ్రమైన మంచినీళ్లు ఇవ్వలేని వ్యవస్థ చల్లటి పంచదార నీళ్లు అమ్ముతుంటే, దాన్ని సంతోషం అనడానికి మాకు నోరు రాదు. మేము నిందిస్తున్నది తాగేవాణ్ణి కాదు, అమ్మేవాణ్ణీ, చూస్తూ ఊరుకునే ప్రభుత్వాన్నీ.

ప్రభుత్వం ఊరుకోలేదు, పన్ను వేసిందంటారా? గ్యాసు కలిపిన తీపి పానీయాల మీద జీఎస్టీ 40 శాతం. గ్యాసు లేని పండ్ల డ్రింకుల మీద మాత్రం 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతాన్ని 5కు దించారు. ప్యాకెట్ మామిడి డ్రింకులో పంచదార కోలాకు తీసిపోదు. అంటే బుడగకు పన్ను, పంచదారకు రాయితీ! బ్రిటన్ 2018లో పంచదార మోతాదును బట్టి సుంకం వేస్తే కంపెనీలే పంచదార తగ్గించాయి. చిలీ 2016 నుంచి చక్కెర మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లటి హెచ్చరిక గుర్తు వేయిస్తోంది. మన దగ్గర 2022లో వచ్చిన ముసాయిదా హెచ్చరికకు బదులు నక్షత్రాలు ఇద్దామంది. నక్షత్రాలు మెచ్చుకోవడానికి పనికొస్తాయి, హెచ్చరించడానికి కాదు.

అందుకే మేము అడుగుతున్నాం. పన్ను పంచదార మోతాదు మీద వేయండి. సీసా ముఖం మీద ఆయా రాష్ట్రాల భాషల్లో హెచ్చరిక రాయండి. చెరకు కోసే స్త్రీకి ఆమె పేరునే కూలి, సెలవు, మరుగుదొడ్డి, వైద్యం ఇవ్వకుండా పంచదార కొననని ప్రతి పెద్ద కొనుగోలుదారు చేత రాయించండి.

యౌవనులారా, ఈ మూడు కోరికలూ మీ ఎమ్మెల్యేకి, ఎంపీకి ఉత్తరాలుగా రాయండి. సంఘ పెద్దలారా, వచ్చే కూడికలో మజ్జిగ పెట్టండి, రాగి అంబలి పెట్టండి, కుండలో చల్లటి నీళ్లు పెట్టండి. ఎందుకు మార్చారని ఎవరైనా అడిగితే బీడ్ స్త్రీల సంగతి చెప్పండి. ప్రసంగం అక్కడ మొదలవుతుంది.