సంపాదకుని మాట: ఒక చేత నిచ్చి…

మామిడికాలమున బంగారుపాళ్యం మార్కెట్ యార్డు వాకిట తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి, లోడు దిగునో దిగదో, దిగినను ధర దక్కునో దక్కదో యని రైతు రాత్రింబవళ్లు పడిగాపులు గాచునపుడు, ధరతో నిమిత్తము లేక ఇంటికి నిశ్చయముగా వచ్చు సొమ్ము విలువ యెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. అయితే, 2016-17 కేంద్ర ఆర్థిక సర్వే సార్వత్రిక కనీసాదాయమును చర్చించుచు, మనిషికి ఏటా 7,620 రూపాయలు లెక్కగట్టి, దానిని ఉన్న పథకములకు చేర్పుగా గాక ప్రత్యామ్నాయముగా భావించెను. మా గుబులంతయు అచ్చటనే.

ఒక సొమ్మును మరొకదాని లెక్కలో కలుపుట మనకు క్రొత్త గాదు: మన రాష్ట్రము రైతునకు ఏటా ఇచ్చు అన్నదాత సుఖీభవలోని 20,000 రూపాయలలో 6,000 కేంద్రపు పి.ఎం. కిసాన్ సొమ్మే. 2024 జూలై నుండి వృద్ధుల పింఛను నెలకు 4,000 అయినది, హర్షణీయమే. కాని, కొన్ని మినహాయింపులు తప్ప, ఇంటికొక పింఛనే యను నియమము వలన, అత్తకు వృద్ధాప్య పింఛను వచ్చుచున్న యింట, భర్తను కోల్పోయిన కోడలు వట్టిచేతులతో నిలువవలసినదే. బియ్యం కార్డునకు పల్లెలో నెలకు 10,000 రూపాయల ఆదాయపు హద్దు విధించిరి. రేపు కనీసాదాయపు హామీసొమ్మును గూడ ఆదాయములో కలిపి కార్డు తీసివేసినచో, ఆ కుటుంబము బాగుపడినట్లా?

కావున హామీసొమ్ము అర్హతల లెక్కలోనికి రాదని చట్టముననే వ్రాయవలెను. తమ కార్డో పింఛనో ఏల ఆగెనో, సచివాలయమిచ్చిన జవాబుతో సహా, పాఠకులు మాకు వ్రాయుదురుగాక.