‘అడ్జస్ట్’ అంటే...

ఎంత అమాయకమైన మాట! కుర్చీ ఎత్తుకీ, షూటింగ్ డేట్లకీ, బస్సులో ముగ్గురి సీట్లో నలుగురికీ అదే. తాగొచ్చి కొట్టే మొగుడితో కాపురానికీ అదే. (‘సర్దుకుపో’ ఉండగా ఇంగ్లీషెందుకు? నాగరికంగా వినిపిస్తుందనేమో!)

సినిమా అవకాశం అడిగిన అమ్మాయితో అంటే మాత్రం పడక. మలయాళ పరిశ్రమలో ‘అడ్జస్ట్‌మెంట్’, ‘కాంప్రమైజ్’ అన్న మాటలకి ఈ అర్థాన్నే హేమ కమిటీ నమోదు చేసింది. 2019లో ప్రభుత్వానికి అందిన ఆ నివేదిక 2024లో గానీ బయటికి రాలేదు, అదీ కొన్ని భాగాలు తీసేసి.

అడిగినవాడికి ఈ నానార్థాలే రక్ష. నిలదీస్తే ‘డేట్లు అడ్జస్ట్ చేసుకోమన్నానంతే’ అంటాడు. రెండో అర్థం తీసిన నేరం ఆమెదవుతుంది.

తెలుగు పరిశ్రమపై తెలంగాణలో వేసిన సబ్‌కమిటీ నివేదికను బయటపెట్టమని 2024లో సమంత బహిరంగంగా అడగాల్సి వచ్చింది. ఇలాంటి నివేదిక ప్రతిదీ అచ్చులోకి రావాలి, స్త్రీలు చెప్పిన ఒక్క మాటా ‘అడ్జస్ట్’ చేయకుండా.