తోడేలుకూ చోటున్న రాజ్యం

చాలా ఏళ్ల క్రితం అనంతపురం జిల్లాలోని ఒక పల్లె చర్చిలో వాక్యం చెబుతున్నాను. గొర్రె చర్మం కప్పుకొని వచ్చే తోడేళ్లను గురించి, అంటే అబద్ధ ప్రవక్తలను గురించి యేసుప్రభువు చేసిన హెచ్చరిక ఆనాటి అంశం. తోడేలు ఎంత క్రూరమైనదో, ఎంత మోసకారో చాలాసేపు వర్ణించాను. ఆరాధన ముగిశాక ఒక ముసలి గొర్రెల కాపరి నా దగ్గరికొచ్చాడు. ‘‘తోడేలు ఏనాడన్నా గొర్రెతోలు కప్పుకుంటాదా అయ్యగారూ? దానికి ఆకలైతే వస్తాది, దొరికింది ఎత్తుకపోతాది. తోలు కప్పుకునేది మనిసే కదా!’’ అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ప్రభువు మనిషి కపటాన్ని ఎండగట్టడానికి చెప్పిన ఉపమానంతో నేను ఒక మూగజీవికి శిక్ష వేశానని ఆ రోజు అర్థమైంది.

ఈ పొరపాటు నా ఒక్కడిదే కాదు. క్రైస్తవులమని చెప్పుకున్న వలసవాసులు అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1630లోనే తోడేలు తలకు వెల కట్టారు. మన దేశంలోనూ బ్రిటిష్ ప్రభుత్వం బహుమానాలిచ్చి మరీ చంపించింది. 1875 నుంచి 1925 వరకు 50 ఏళ్లలో సుమారు 2 లక్షల తోడేళ్లు హతమయ్యాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. మరి ఇప్పుడెన్ని మిగిలాయి? 2022లో శాస్త్రవేత్తలు ప్రకటించిన అంచనా ప్రకారం దేశం మొత్తంమీద సుమారు 3 వేలు. అదే ఏడాది లెక్కల్లో పులుల సగటు సంఖ్య 3,682. పులి తగ్గిపోతోందంటే దేశమంతా కలవరపడింది. తోడేలు కోసం కంటతడి పెట్టినవారెవరు? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని పులితోపాటు మొదటి షెడ్యూలులోనే చేర్చినా, దాని గోడు పట్టించుకునేవారు తక్కువ.

దీనికి కారణముంది. పులి అడవిలో ఉంటుంది, ఆ అడవికి హద్దులున్నాయి, కాపలా ఉంది. దక్కన్ తోడేలు బతికేది గడ్డి మైదానాల్లో, ముళ్లపొదల మధ్య, పొలాల అంచుల్లో. అక్కడ కృష్ణజింకలను, కుందేళ్లను, ఎలుకలను తింటుంది. ఆ నేలను మనం ‘బంజరు’ అని రికార్డుల్లో రాసుకున్నాం. బంజరన్నాక దున్నేయవచ్చు, క్వారీ తవ్వవచ్చు, సోలార్ పలకలు పరచవచ్చు. దేవుడు చూసి మంచిదన్న నేలకు పనికిరానిదని పేరు పెట్టే అధికారం మనకెవరిచ్చారు? జింకలు పోయాక మిగిలిన ఆహారం గొర్రెల మందే. దానికితోడు ఊరకుక్కల నుంచి రోగాలు అంటుతున్నాయి. పుణె పరిసరాల్లో తోడేలుకూ కుక్కకూ సంకర సంతానం కలుగుతున్నట్టు 2023లో జన్యుపరీక్షల్లో తేలింది. ఇలాగే సాగితే కాల్చి చంపకపోయినా ఆ జాతి కరిగిపోతుంది.

ఆదికాండంలో దేవుడు ఆదామును తోటలో ఉంచింది దాన్ని సాగుచేయడానికి, కాయడానికి. ‘కాయడం’ అనే ఆ మాటకు హెబ్రీ మూలంలో ‘షామార్’ అని ఉంది. 121వ కీర్తనలో కునుకక నిద్రపోక మనలను కాపాడే దేవుణ్ణి గురించి చెప్పినప్పుడూ అదే మాట. దేవుడు మనలను ఎలా కాస్తున్నాడో, ఆయన సృష్టిని మనం అలా కాయాలన్నమాట! జలప్రళయం తర్వాత ఆయన నిబంధన చేసింది నోవహుతో మాత్రమే కాదు, ఓడలోంచి బయటికొచ్చిన ప్రతి జంతువుతోనూ. ఆ వరుసలో తోడేలు కూడా ఉంది.

అయితే ఈ మాట నగరంలో కూర్చొని చెప్పడం తేలిక. రాత్రి మందలో రెండు గొర్రెలు పోయిన కాపరికి అది వేల రూపాయల నష్టం, బిడ్డ చదువు ఫీజు. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్‌రాయిచ్ జిల్లాలో తోడేళ్ల దాడుల్లో పలువురు చనిపోయారు. వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలు. ఆ తల్లుల ముందు నిలబడి తోడేళ్లను ప్రేమించండని ఏ బోధకుడూ చెప్పలేడు, చెప్పకూడదు కూడా. మనుషుల ప్రాణం తీస్తున్న జంతువును పట్టుకోవాల్సిందే. కానీ ఆ కోపంతో ఎక్కడో రాయలసీమ గుట్టల్లోని పిల్లల గూటికి పొగబెట్టడం న్యాయం కాదు.

యోహాను సువార్త పదవ అధ్యాయంలో తోడేలు వస్తుంది, మందను చెదరగొడుతుంది. అయితే అక్కడ ప్రభువు తప్పుపట్టింది గొర్రెలను వదిలేసి పారిపోయిన జీతగాణ్ణి! తోడేలు బతకాలని ఉపన్యాసాలిచ్చి, దాని ఆకలి ఖర్చంతా పేద కాపరి నెత్తిన రుద్ది వెళ్లిపోతే మనమూ ఆ జీతగాళ్లమే. గొర్రె పోయినప్పుడు పరిహారం ఆలస్యం లేకుండా అతని చేతికందాలి. రాత్రిళ్లు మందకు గట్టి కంచె ఉండాలి. ఊరకుక్కలకు టీకాలు వేయించాలి. గడ్డి నేలలను బంజరు జాబితాలోంచి తప్పించాలి. పల్లెల్లోని మన సంఘాలు కాపరి తరఫున ఒక దరఖాస్తు రాసిపెట్టి, అతని వెంట ఆఫీసుకు నడిచినా అది పరిచర్యే.

యెషయా ప్రవక్త రాబోయే రాజ్యాన్ని దర్శించినప్పుడు అక్కడ తోడేలు లేకుండా పోలేదు. గొర్రెపిల్ల పక్కనే ఉంది. ఆ శాంతిని తెచ్చేది దేవుడే, అది మన వల్ల అయ్యే పని కాదు. కానీ ఆయన తన రాజ్యంలో చోటిచ్చిన జీవిని, ఆ రాజ్యం వచ్చేలోగా మనం భూమ్మీద లేకుండా చేస్తే ఆయనకేమని లెక్క చెబుతాం?