వయసు మీరిన గళము - శ్రోత కోరదగినది

కృష్ణా డెల్టాలో వరి కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట సభల కాలము వచ్చును. విజయవాడలో బందరు రోడ్డు వెంబడి ఒక పేరుపొందిన సినీ గాయకుని బొమ్మలు వెలయును. బొమ్మలో ఆయన వయస్సు ముప్పదియైదు. వేదిక యెక్కబోవు ఆయన వయస్సు డెబ్బది. ఆ రెంటి నడుమ గల ముప్పదియైదేండ్ల సంగతి ప్రకటన చెప్పదు. శ్రోతయు దానిని తలపనైన తలపడు.

చిక్కు అచ్చటనే పుట్టుచున్నది. టికెట్టు కొన్న శ్రోత బొమ్మలోనివాని కొరకు పోవును. వేదికపై కనబడువాడు వేరొకడు. తారస్థాయి అందక గాయకుడు ఒక స్వరము తగ్గించి పాడగానే వెనుక వరుసలో నెవరో "అయిపోయిందిరా పెద్దాయన పని!" అని పెదవి విరుచును. మరునాటికి ఆ అరనిమిషపు ముక్క సెల్‌ఫోనులలో ఊరెల్ల తిరుగును. ఏబదియేండ్ల సాధనకు అరనిమిషము తీర్పు చెప్పును. ఇది న్యాయమేనా? న్యాయము కానిచో అట్టి సభకు శ్రోత ఏమి కోరి పోవలెను? డెల్టాలోని విద్యాలయములలో పాట నేర్పువారును, నేర్చువారును ఒకసారి నిలిచి యోచింపదగిన ప్రశ్న యిది.

ధ్వనిముద్రణము రాకపూర్వము పాటకు ఒకే స్థిరరూపము లేదు. మొవ్వ క్షేత్రయ్య పదము ఏ గాయని పాడిన ఆమెది; కూచిపూడి భాగవతుల దరువు ఏ రాత్రి పాడిన ఆ రాత్రిది. పద్యనాటకముల కాలమున కృష్ణవేషధారి రాగము తీసిన తీరు నిన్నటివలె నేడుండనక్కరలేదు. జనము "వన్స్‌మోర్" అని కేకవేసినపుడు రెండవమారు పాడిన పద్యము సైతము మొదటిదానివలె నుండెడిది కాదు. వయసు మళ్లిన నటుడు అరశ్రుతి తగ్గించి పాడిన, పోల్చి చూచుటకు శ్రోతకడ వేరు కొలబద్ద లేదు. ఆ రాత్రి వినినదే పాట.

గ్రామఫోను వచ్చినది. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. పిదప క్యాసెట్టు, ఇప్పుడు జేబులోని యంత్రము. ఇవి పాటను ఇంటింటికిని చేర్చి గొప్ప మేలు చేసినవి. కాని ఒక్కొక్క పాటకు ఒక్కటే రూపమును చెవిలో ముద్రవేసినవి. సినిమాపాట యనగా గాయకుని జీవితములో ఒక పూట. ఆ పూట గొంతు నిండుగా నున్నది; తప్పు వచ్చినచో మరల పాడుటకు వీలున్నది; చుట్టును నిశ్శబ్దమున్నది. ఆ పూట రికార్డులో నిలిచిపోయినది. గాయకుడు మాత్రము కాలముతో నడచిపోయినాడు. శ్రోత ఆ పూటనే మరల తెమ్మని అడుగుచున్నాడు. అది ఎవరి చేతిలోను లేని పని.

గొంతు దేహములోని భాగమే గదా! వయసుతోపాటు స్వరతంతువుల బిగువు, సాగుడు తగ్గును. ఊపిరితిత్తులు పట్టు గాలి తగ్గుటచే పొడుగు పంక్తి ఒక్క ఊపిరిలో సాగదు. నిలుకడగా పట్టిన స్వరము సన్నగా వణకును. స్త్రీల గళము సాధారణముగా కొంత దిగును. అందుచే పై షడ్జము మునుపటివలె పలుకదు. సంప్రదాయ సంగీత విద్వాంసులకిది క్రొత్త సంగతి కాదు. వయసు పెరిగినకొలది అరకట్టె, ఒక కట్టె శ్రుతి దించుకొని పాడుట వారికి వాడుకయే. ఎవరును దానిని అపకీర్తిగా నెంచరు. సినిమాపాటకు వచ్చుసరికి మాత్రము శ్రుతి దించుట ఓటమివలె కనబడుచున్నది. వాద్యబృందము పాట శ్రుతిని మార్చుకొనుట కష్టమును కాదు. కీబోర్డు వాయించువానికి అది ఒక మీట నొక్కినంత పని. వేణువు వాయించువాడు వేరొక వేణువు తీసికొనును. కష్టమంతయు శ్రోత చెవికే.

ఈ డెల్టా బిడ్డడే ఘంటసాల వేంకటేశ్వరరావు. 1922 డిసెంబరు 4న గుడివాడ తాలూకా చౌటపల్లిలో జన్మించి, విజయనగరమున మధుకరము చేసికొని సంగీతము నేర్చినవాడు. 1970 ఫిబ్రవరి 1న హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియములో ఆయన రజతోత్సవము జరిగినది. ముప్పదివేలమందికి పైగా వచ్చిరని చెప్పుదురు. ఆనాటికి ఆయన వయస్సు నలుబదియేడే. వార్ధక్యము కాదుగాని, ఆరోగ్యము మునుపటివలె లేదు. మరుసటి యేడు యూరపు, అమెరికాలకు పోయి సభలు చేసెను. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసెను. చివరి సంవత్సరములలో పాడిన భగవద్గీత రికార్డు ఆయన మరణానంతరము వెలువడినది. దానిలోని గళము 1951 నాటి 'పాతాళభైరవి' గళము కాదు. ఆ పరుగు లేదు, ఆ మెరుపు లేదు. కాని తెలుగునాట ఇంటిలో మరణము సంభవించినపుడు జనము వెదకి పెట్టుకొనునది ఆ గళమునే. దానిలో తారస్థాయి లేదని యెవరైన ఫిర్యాదు చేసిరా? మాట యెక్కడ విరువవలెనో, ఎక్కడ ఆగవలెనో ఆ గళమునకు తెలియును. పరుగు తగ్గినచోట నిలుకడ వచ్చినది. వయసు మీరిన గాయకుని సభలో కోరదగిన మొదటి వస్తువు ఇదియే: అక్షరము పలుకు తీరు, పంక్తి విరుపు, ఆగుట తెలిసిన తెలివి. కంఠబలముండిన నాడు దీనిని నేర్చుకొనుట కష్టము. బలము తగ్గిన నాడు ఇదియే గాయకుని చేతి ఊత.

రెండవ ఉదాహరణము ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముది. 1966 డిసెంబరులో తొలి సినిమాపాట పాడిన ఆయన, ఏబదియేండ్లు నిండిన సందర్భమున 2016, 2017 సంవత్సరములలో దేశవిదేశములు తిరిగి సభలు చేసెను. వయస్సు డెబ్బది. కుమారుడు చరణ్, గాయని చిత్ర ఆయనతో కలిసి పాడిరి. బరువును పంచుకొనుటలో ఆయన చిన్నతనమును చూడలేదు. వేదికపై మాటలాడి, తోడి కళాకారులను మెచ్చుకొని, సభను ఒక ఇంటి కూటమివలె నడపెను. అమెరికాలో పర్యటించుచుండగా, 2017 మార్చిలో, ఇళయరాజానుండి న్యాయవాది నోటీసు వచ్చినది: తన స్వరరచనలను అనుమతి లేక పాడరాదని. మిగిలిన సభలలో ఆ పాటలు పాడబోమని బాలసుబ్రహ్మణ్యము బహిరంగముగా ప్రకటించెను. న్యాయమెవరిదను చర్చ ఇక్కడ అక్కరలేదు. ఇరువురును పిదప ఒకే వేదికపై కలిసిరి. శ్రోత గ్రహింపవలసినది వేరు. తాను మనసులో వ్రాసికొని పోయిన పాటల పట్టిక గాయకుని సొత్తు కాకపోవచ్చును. పాట వెనుక స్వరకర్త యున్నాడు, కవి యున్నాడు, హక్కులు కొన్నవాడున్నాడు. ఏ పాటలు వినబడునో, ఏవి వినబడవో ముందుగా తెలుపుట గాయకుని మర్యాద. తెలిపిన పిమ్మట వానికొరకే కేకలు వేయకుండుట శ్రోత మర్యాద.

మూడవ మార్గము ఎస్. జానకిది. డెల్టా పడమటి పాయలో, రేపల్లె ప్రాంతములో 1938లో జన్మించిన ఆమె, 2017 అక్టోబరులో మైసూరు సభతో బహిరంగ వేదికలకు స్వస్తి చెప్పెను. జనము ఇంకను పాడుమనుచుండగానే చాలించెను. దీనిని కొందరు వినయమనిరి, కొందరు తొందరపాటనిరి. ఏదైనను అది గాయనికి గల హక్కు. పాడుచుండుట ఎంత గౌరవమో, చాలించుటయు నంత గౌరవమే. శ్రోత రెంటిని ఒకే కంటితో చూడవలెను. పాడినవారిని "ఇంకను ఎందుకు?" అని, మానినవారిని "అప్పుడే ఎందుకు?" అని నిలదీయుట ఒకే నోటికి తగదు.

నాల్గవ మార్గమొకటి యున్నది, అదియే ప్రమాదకరము. ఇటలీ దేశపు మహాగాయకుడు లూచియానో పవరొట్టి 2006 ఫిబ్రవరిలో ట్యూరిన్ నగరమున శీతకాలపు ఒలింపిక్ ఆరంభోత్సవములో పాడెను. ప్రపంచమెల్ల మెచ్చుకొన్నది. ముందుగా ముద్రించిన పాటకు ఆయన పెదవులు కదిపెనని, వాద్యబృందము సైతము వాయించినట్లు నటించెనని రెండేండ్లకు ఆనాటి సంగీత నిర్వాహకుడే పుస్తకములో వెల్లడించెను. డెబ్బదియేండ్ల వయస్సు, అనారోగ్యము, గడ్డకట్టు చలి - కారణములు చిన్నవి కావు. ఆయన మరుసటి యేడే మరణించెను. ఆయనను నిందించుట క్రూరము. కాని ఆ పద్ధతిని మెచ్చుకొనలేము. శ్రోత లోపములేని పాటనే పట్టుపట్టి కోరినంతకాలము నిర్వాహకుడు యంత్రములోని పాటనే పెట్టును. పెదవుల సభకు మూలము గాయకుని మోసము కన్న శ్రోత మొండితనమే యెక్కువ. వణకిన స్వరమును ఓర్చుకొనలేని చెవికి తగిన శాస్తి, నిజము కాని స్వరము.

నిర్వాహకుల బాధ్యతయు తక్కువది కాదు. తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రము వంటి నాలుగు గోడల భవనములో వృద్ధగళము చెవి చేరును. స్టేడియము సంగతి వేరు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. వేదికకు 170 మీటర్ల దూరమున కూర్చున్నవానికి వేదికపైని పలుకు అరసెకను ఆలస్యముగా వినబడును. నడుమ నిలిపిన స్పీకర్లకు ఆ ఆలస్యమును లెక్కకట్టి యమర్చనిచో ఒకే మాట రెండుమారులు వినబడి, పలుకు చెదరును. అసలే వృద్ధగాయకుని బలము పలుకులో నున్నదని చెప్పుకొంటిమి. ఆ పలుకే చెదరినచో శ్రోతకు మిగులునదేమి? డోళ్ల మోత మాత్రమే. కనుక నిర్వాహకులు చేయదగిన పనులు కొన్ని కలవు. ప్రకటనలో నేటి బొమ్మ వేయవలెను. గాయకుడు స్వయముగా ఎన్ని పాటలు పాడునో, శిష్యులు ఎన్ని పాడుదురో చెప్పవలెను. నడుమ విశ్రాంతి నీయవలెను. వాద్యఘోష తగ్గించి గళమునకు చోటీయవలెను. ముద్రించిన పాట వాడినచో ఆ మాట దాచకుండ చెప్పవలెను.

"వేలకు వేలు పోసి టికెట్టు కొన్నవాడు మంచి పాట కోరుట తప్పా?" అని యొకరడుగవచ్చును. తప్పు కాదు. డబ్బు తీసికొన్నవాడు సాధన చేసి రావలెను, వేళకు రావలెను, తనకు చాలని పాటను ఎంచుకొనరాదు. అలసత్వమును వయస్సు ముసుగులో దాచుటకు ఎవరికిని హక్కు లేదు. అట్టి సభను విమర్శించుట శ్రోత ధర్మమే. కాని టికెట్టు కొన్నది ఈనాటి సాయంకాలమునకే. ముప్పదియైదేండ్ల నాటి సాయంకాలమును ఎంత ధనమిచ్చినను ఎవరును అమ్మలేరు. సాధన లోపమును, వయస్సు తెచ్చిన మార్పును వేరుపరచి వినగలవాడే విమర్శకుడు.

ఈ వేరుపాటు పాఠశాలలోనే అలవడవలెను. ఉపాధ్యాయుడు తరగతిలో ఒకే గాయకుని ఇరువదేండ్ల నాటి పాటను, అరువదేండ్ల నాటి పాటను వరుసగా వినిపించి, "ఏమి పోయినది? ఏమి వచ్చినది?" అని అడిగినచో చాలును. మొదటి ప్రశ్నకు పిల్లలందరును బదులు చెప్పుదురు. రెండవ ప్రశ్నకు కొందరే, అదియు తడవుకొని చెప్పుదురు. ఆ తడవుకొనుటలోనే సంగీత పాఠము, తెలుగు పాఠము రెండును గలవు. ఊరిలో గజ్జె విప్పి యింట కూర్చున్న హరికథకుడో, పద్యము పాడు నటుడో యున్నచో, పాఠశాల వార్షికోత్సవమునకు ఆయనను పిలిచి ఒక్క పద్యము పాడించుట అంతకన్న మేలు. పద్యము నడుమ ఆయన ఊపిరి కొరకు ఆగినపుడు పిల్లలు నవ్వక వేచియుండినచో, ఆ యేటి చదువు వృథాపోలేదని ఉపాధ్యాయుడు నమ్మవచ్చును.

1980లో విడుదలయైన 'శంకరాభరణము' చిత్రమును తెలుగువారెరుగుదురు. దానిని తీసిన కె. విశ్వనాథ్ సైతము రేపల్లె ప్రాంతమువాడే. కథాంతమున శంకరశాస్త్రి చాలకాలమునకు మరల సభలో పాడుచు, నడుమ గుండె నొచ్చి ఆగిపోవును. సభ ఆయన గళముకొరకు ఎదురుచూచును. అప్పుడు పక్కనుండి శిష్యుడైన బాలుడు ఆ పాటనందుకొనును. చిత్రములోని ఆ సభ ఒక్క క్షణము కూడ లేచిపోలేదు. "డబ్బు తిరిగి యిండు" అనలేదు. ఆగిపోయిన గళమును, అందుకొన్న గళమును ఒకే పాటగా విన్నది. లక్షలమంది తెలుగువారు చీకటి హాలులో కూర్చుండి ఆ సభను చూచి కంట తడిపెట్టిరి. తెరమీద ఆ ఓర్పును మెచ్చినవారు, స్టేడియములో తమ యెదుట నిలిచిన వృద్ధగాయకునికి అందులో కొంతయైన ఈయలేరా?